రియాలిటీ, డాక్యుమెంటరీ షోల ప్రొడక్షన్‌లో ఇంకో పదేళ్ళు పని ఉంటుందా?

చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీరు కొన్నేళ్ళు రియాలిటీ షోల్లో లాగర్‌గా (ఫుటేజ్ చూసి ఏ నిమిషంలో ఏం జరిగిందో రాసిపెట్టే పని) చేసి, ఈమధ్యే అసిస్టెంట్ స్టోరీ ప్రొడ్యూసర్ (ఆ ఫుటేజ్‌లోంచి ఎపిసోడ్ కథ కట్టే టీమ్‌లో) అయ్యారు. షోలు తగ్గుతున్నాయి, లాగింగ్ ఏఐ చేసేస్తోంది, జనం యూట్యూబ్‌కి పోతున్నారు. మరి ఈ ఫీల్డ్‌లో ఉండాలా, ఇప్పుడే బయటపడాలా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఏం నేర్చుకోవాలన్నది రెండోది. సొంత ఫార్మాట్ ఐడియా, అంటే కొత్త షో ఎలా నడవాలన్న ఆలోచన ఒకటుంది, ఎవరికైనా చెబితే కొట్టేస్తారేమోనన్న భయం మూడోది.

సూటిగా చెప్తాను. ఫీల్డ్ ఉంటుంది. మీరు ఇప్పుడు కూర్చున్న సీటు మాత్రం ఉండకపోవచ్చు. కాబట్టి ఫీల్డ్ మానకండి, సీటు మారండి. ఎటు మారాలంటే, మామూలుగా కెమెరాని రానివ్వని చోటికి దాన్ని తీసుకెళ్ళే పని వైపు, లేదా తెరమీద చూపించింది నిజంగానే జరిగిందని పూచీ పడే పని వైపు. ఈ రెండిటికీ మధ్య ఉన్న పనులన్నీ సన్నబడుతున్నాయి.

నేను టేపుల కాలంలో ఈ పనిలోకి వచ్చాను. లాగింగ్, ఎడిట్ టేబుల్, ఫీల్డ్, ఆ తర్వాత సిరీస్ ప్రొడ్యూసర్. రియాలిటీ, డాక్యుమెంటరీ రెండూ చేశాను. కింద రాసేదంతా షోలు తీసే వైపు నుంచి చూసిందే. ఛానెల్‌లో కూర్చుని షోలు కొనేవాళ్ళు ఇదే సంగతి ఇంకోలా చెప్పొచ్చు.

ఈ రంగం ఇన్నాళ్ళు ఎందుకు బతికిందో ముందు చూద్దాం. కారణం పెద్ద రహస్యమేం కాదు, చౌక. సీరియల్‌కో డ్రామాకో రచయితలు కావాలి, పేరున్న నటులు కావాలి, ఎపిసోడ్‌కి ఇన్ని లొకేషన్లు కావాలి. రియాలిటీలో మామూలు మనుషులు వస్తారు, ఒకే ఇల్లు, ఒకే దీవి. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన బిగ్ బ్రదర్ (మనకి బిగ్ బాస్‌గా తెలిసింది ఆ ఫార్మాటే), 2000లో అమెరికాలో వచ్చిన సర్వైవర్ (మనుషుల్ని ఒక దీవిలో వదిలి ఆడించే పోటీ) ఛానెళ్ళకి నేర్పిన పాఠం ఇదే. సర్వైవర్ మొదటి సీజన్ ఫైనల్‌ని అమెరికాలో 5 కోట్లకు పైగా జనం చూశారు. వేసవిలో, పాత ఎపిసోడ్లు మళ్ళీ వేసుకునే రోజుల్లో! 2007-08లో హాలీవుడ్ రచయితలు 100 రోజులు సమ్మె చేసినప్పుడు ఖాళీ అయిన టైం స్లాట్లలో రియాలిటీ షోలు వచ్చి కూర్చున్నాయి. రచయితలు లేకపోయినా నడిచే బండి కదా.

2023లో రచయితలు మళ్ళీ సమ్మెకి దిగారు, ఈసారి 148 రోజులు. నటులు కూడా కలిశారు. అదిగో మనకి మళ్ళీ పండగే అని చాలా కంపెనీలు ఎదురుచూశాయి. ఆ పండగ రాలేదు. ప్రకటనల డబ్బు అప్పటికే తగ్గుముఖంలో ఉంది. ఓటీటీల దగ్గర స్లాట్ అనేదే లేదు, ఖాళీ అయితే కదా నింపడానికి. లైబ్రరీలో వేల గంటలున్నాయి. మన సరుకు చౌక, ఎవరికి ఇబ్బందొచ్చినా మన దగ్గరికే వస్తారు అన్న ధీమా అప్పుడే పోయింది. నా దృష్టిలో ఈ రంగంలో అసలు మలుపు అది. ఏఐ గొడవ దాని తర్వాతి సంగతి.

ఎందుకంటే ఇప్పుడు మనకంటే చౌకగా చేసేవాళ్ళు వచ్చారు. ఎవరేం చూస్తున్నారో కొలిచే నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారం 2025 మేలో అమెరికాలో టీవీ తెరమీద చూసిన సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం. మామూలు ఛానెళ్ళు, కేబుల్ రెండూ కలిపినా అంతకంటే తక్కువే, అలా కావడం అదే మొదటిసారి. ఆ స్ట్రీమింగ్‌లో అందరికంటే పైన ఉన్నది యూట్యూబ్, ఒక్కటే 12.5 శాతం. ఇది ఫోన్‌లో చూసింది కాదు, హాల్లో పెద్ద టీవీలో చూసింది. అక్కడ ఒక మనిషి ఒక కెమెరాతో, ఎవరి అనుమతీ అడక్కుండా, వారానికి మూడు ఎపిసోడ్లు వేస్తున్నాడు. ఎవరింట్లోనో రోజూ ఏం జరుగుతుందో చూపించే తరహా షో మనం ఇరవైమంది యూనిట్‌తో తీస్తే, ఆ ఇంట్లోవాళ్ళే వ్లాగ్ పేరుతో తీసుకుంటున్నారు. ఆ పోటీలో మనం గెలవం.

పైమెట్టులోనూ అదే మనుషులు కనిపిస్తున్నారు. యూట్యూబర్ మిస్టర్ బీస్ట్ 2024 డిసెంబరులో ప్రైమ్ వీడియోకి బీస్ట్ గేమ్స్ అనే పోటీ షో తెచ్చాడు. 50 లక్షల డాలర్ల ప్రైజ్ అని మొదలుపెట్టి చివరికి కోటి డాలర్లు చేశాడు. బ్రిటన్‌లో సైడ్‌మెన్ అనే యూట్యూబర్ల బృందం ఇన్‌సైడ్ అనే షోని 2024లో సొంతంగా యూట్యూబ్‌లో వేసుకుంది, తర్వాతి సీజన్‌ని నెట్‌ఫ్లిక్స్ తీసుకుంది. ఇదివరకు ఛానెల్ ముందు, ప్రేక్షకులు తర్వాత. ఇప్పుడు ప్రేక్షకుల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడికి ప్లాట్‌ఫారమ్ తలుపు తీస్తోంది.

ఫలితం ఏమిటంటే, పైన చాలా పెద్ద షోలు, కింద చాలా చిన్న షోలు, మధ్య ఖాళీ. ఆ మధ్యలోనే మనలో ఎక్కువమంది పని నేర్చుకున్నాం. ఇల్లు బాగు చేయడం, పాత సామాను వేలం, పోలీసుల వెనక తిరగడం లాంటి, ఎవరూ పెద్దగా మాట్లాడుకోని, ఏటా ముప్ఫై నలభై ఎపిసోడ్లు నడిచే షోలు. కొత్తవాళ్ళకి బడి అంటే అవే. ఛానెళ్ళు అలాంటి షోలకి ఆర్డర్లు ఇవ్వడం తగ్గడం నన్ను బాధపెట్టినంతగా ఏఐ బాధపెట్టదు.

పెద్ద షోలు కూడా తెలివిగా పొదుపు చేస్తున్నాయి. ద ట్రెయిటర్స్ అనే రియాలిటీ పోటీ చూడండి. 2021లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫార్మాట్. బ్రిటన్ వెర్షన్, అమెరికా వెర్షన్ రెండూ స్కాట్‌లాండ్‌లో ఒకే కోటలో తీస్తారు. ద ఫ్లోర్ అనే క్విజ్ అమెరికా ఛానెల్‌లో వస్తుంది, షూటింగ్ మాత్రం ఐర్లండ్‌లో. ఒక సెట్ వేసి, దేశం తర్వాత దేశం వచ్చి తమ యాంకర్‌తో, తమ కంటెస్టెంట్లతో తీసుకుని వెళ్ళే పద్ధతి ఇది. మనవాళ్ళు హబ్ అంటారు. హబ్‌లో కెమెరా టీమ్, లైటింగ్, ఆర్ట్ అంతా అక్కడివాళ్ళే ఉంటారు. ఫార్మాట్ తెచ్చుకున్న దేశం నుంచి వెళ్ళేది స్టోరీ టీమ్, కాస్టింగ్, యాంకర్. అంటే స్టోరీ తెలిసినవాళ్ళకి టికెట్ ఉంది, మిగతావాళ్ళకి లేదు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి.

హక్కుల సంగతి కూడా రెండు మాటలు. జీతానికి చేసేవాళ్ళకి ఇది అనవసరం అనిపిస్తుంది, కాదు. బ్రిటన్‌లో 2003 కమ్యూనికేషన్స్ చట్టం తర్వాత, షో తీసిన కంపెనీ దగ్గరే హక్కులు ఉండేలా నియమాలు వచ్చాయి. అక్కడి కంపెనీలు ప్రపంచమంతా ఫార్మాట్లు అమ్ముకున్నది ఆ బలంతోనే. పెద్ద ఓటీటీలు ఎక్కువగా చేసేది దానికి తలకిందులు: ఖర్చంతా మేమే ఇస్తాం, పైన కొంత లాభం ఇస్తాం, హక్కులన్నీ మావి. మొదట్లో తియ్యగానే ఉంటుంది. కానీ హక్కులున్న కంపెనీకి షో లేని నెలల్లో కూడా ఎంతో కొంత వస్తుంది, కాబట్టి మనుషుల్ని ఉంచుకుంటుంది. హక్కులు లేనిదాంట్లో ఆఖరి ఎపిసోడ్ డెలివరీ అయిన రోజే అందరి సీట్లూ ఖాళీ. మీరు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు, ఆ కంపెనీకి సొంతంగా ఏ షో హక్కులున్నాయో అడిగి తెలుసుకోండి. జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

ఇక ఏఐ.

లాగింగ్ పోయినట్టే. మాటల్ని అక్షరాల్లోకి మార్చడం, ఎవరు మాట్లాడారో గుర్తుపట్టడం, మైకుల్నీ కెమెరాల్నీ కలపడం, ఫలానా ఇద్దరు కలిసున్న షాట్లన్నీ వెతికి తీయడం ఇప్పుడు యంత్రం పని. అది బాగానే చేస్తుంది కూడా. రాత్రి మూడింటికి నిద్ర కళ్ళతో టైమ్‌కోడ్లు (ప్రతి షాట్ ఏ గంట, ఏ నిమిషం, ఏ సెకన్‌లో ఉందో చెప్పే అంకెలు) కొట్టిన రోజులు పోయినందుకు నేనైతే ఏడవను.

దీనివల్ల ఇంకో మార్పు వస్తోంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. 60 కెమెరాలున్న ఇంట్లో ఒక్క రోజుకి 1,440 గంటల దృశ్యం పుడుతుంది. అదంతా ఎప్పుడూ దాచలేదు. కంట్రోల్ రూమ్‌లో స్టోరీ టీమ్ కూర్చుని, ఈ గదిలో గొడవ రాజుకుంటోంది, ఆ కెమెరా లైన్ రికార్డు చెయ్యి, ఆ ఇద్దరి మైకులు పెంచు, అని అప్పటికప్పుడు తేలుస్తుంది. ఆ క్షణంలో ఏది ముఖ్యమో పసిగట్టడమే ఆ ఉద్యోగం. ఇప్పుడు స్టోరేజీ చౌకైంది, వెతకడం సులువైంది. అన్నీ దాచేసి, తీరిగ్గా తర్వాత ఏరుకుందాం అనే ధోరణి మొదలైంది. వినడానికి బాగుంది. కానీ అక్కడ కూర్చున్న మనిషికి ఒక ఊహ ఉంటుంది, ఈ అమ్మాయి రేపు బయటపడుతుంది అని. ఆ ఊహతోనే మర్నాడు టాస్క్ మారుస్తారు, ఇంటర్వ్యూలో ప్రశ్న మారుస్తారు. తర్వాత ఏరుకుంటే ఫుటేజ్ దొరుకుతుంది, కానీ కథని నడిపించే అవకాశం అప్పటికే దాటిపోతుంది.

నా షోలో జరిగిన ఒక సంగతి చెప్తాను. ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య పెద్ద గొడవ. యంత్రం తీసిన లాగ్‌లో ఆ గొడవ, అరుపులు, ఏడుపు అన్నీ చక్కగా గుర్తుపెట్టి ఉన్నాయి. దానితో ఎపిసోడ్ కోస్తే అరుపులే కనిపించాయి, ఎందుకు అరుచుకుంటున్నారో తెలియలేదు. జూనియర్ స్టోరీ ప్రొడ్యూసర్ ఒకతను వచ్చి, గొడవకి చాలా ముందే వాళ్ళలో ఒకామె రెండోఆమె పక్కన కూర్చోవడం మానేసింది, చూశారా అన్నాడు. వెనక్కి వెళ్ళి చూస్తే నిజమే. ప్రతి మీటింగ్‌లో ఒక కుర్చీ అవతల కూర్చుంటోంది. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి లాగ్‌లో ఏమీ లేదు. జరగడం మానేసిన దాన్ని యంత్రం వెతకదు, ఎవరైనా అడిగితే తప్ప. ఆ ఎపిసోడ్‌ని ఖాళీ కుర్చీ మీదే కట్టాం. మీకు ఈ కన్ను ఉందా లేదా అన్నదే, మీరు ఉండాలా మానాలా అన్న ప్రశ్నకి సగం జవాబు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ కుర్రాడికి ఆ కన్ను వచ్చింది లాగింగ్ చేసి చేసి. ఆ మెట్టు తీసేస్తే తర్వాతివాళ్ళు ఎక్కడ నేర్చుకుంటారు? దీనికి ఏ కంపెనీ దగ్గరా జవాబు లేదు. అందుకని మీకు చెప్పేది, యంత్రం లాగ్ ఇచ్చినా సరే, రోజుకి కొంతసేపు ఎవరూ అడక్కపోయినా పచ్చి ఫుటేజ్ అలా కూర్చుని చూడండి. వేగం పెంచకుండా.

ఇప్పుడు నమ్మకం సంగతి. నా ఉద్దేశంలో రాబోయే ఉద్యోగాలు ఎక్కువ ఇక్కడే ఉన్నాయి.

మోసం కొత్తది కాదు. 1950ల్లోనే అమెరికాలో ట్వంటీ వన్ లాంటి క్విజ్ షోల్లో నచ్చినవాళ్ళకి జవాబులు ముందే ఇచ్చేసేవారు. అది బయటపడి పెద్ద గొడవై, 1960లో క్విజ్ షోలని రిగ్ చేయడం నేరమని చట్టం చేశారు. 2007లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రచారానికి చూపిన వీడియోలో ఎలిజబెత్ రాణి ఫొటో షూట్ మధ్యలో కోపంగా లేచి వెళ్ళిపోయినట్టుంది. నిజానికి ఆ షాట్ ఆమె లోపలికి వస్తున్నప్పటిది. షాట్ల వరుస మార్చారు, అంతే. బీబీసీ వన్ ఛానెల్ అధిపతి (కంట్రోలర్) పీటర్ ఫించమ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 2011లో బీబీసీ ప్రకృతి సిరీస్ ఫ్రోజెన్ ప్లానెట్‌లో ధ్రువపు ఎలుగు పిల్లల దృశ్యం నెదర్లాండ్స్ జంతు ఉద్యానంలో తీసిందని తెలిసి మళ్ళీ రభస. ఆ సంగతి బీబీసీ తన వెబ్‌సైట్‌లో చెప్పింది, కానీ టీవీలో చూసినవాళ్ళు మంచులో తీశారనే అనుకున్నారు.

ఈ మూడిట్లోనూ ఏఐ లేదని గమనించండి. మన ఎడిట్ రూముల్లో రోజూ జరిగేది కూడా ఉంది. రెండు వేర్వేరు రోజుల్లో అన్న మాటల్ని అతికించి ఒకే వాక్యం చేయడం. ఇంగ్లీషు ఎడిటర్లు దాన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. నిడివి తగ్గించడానికి చేస్తే ఒక సంగతి, మనిషి అనని మాట అనిపిస్తే ఇంకో సంగతి. గీత ఎక్కడుందో ప్రతి ఎడిటర్‌కీ తెలుసు, ఏ వారం దాటాడో కూడా తెలుసు.

ఏఐ చేసిందల్లా ఆ గీత దాటడాన్ని సులువు చేయడం. అతికించే శ్రమ కూడా లేదు, గొంతునే తయారు చేయొచ్చు. 2018లో చనిపోయిన అమెరికా షెఫ్, టీవీ యాంకర్ ఆంథొనీ బోర్డెయిన్ మీద 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆయన రాసిన కొన్ని వాక్యాలని ఏఐ గొంతుతో చెప్పించారు. సినిమాలో ఎక్కడా చెప్పలేదు, దర్శకుడి ఇంటర్వ్యూల్లో బయటపడింది. వాక్యాలు ఆయనవే కదా అని కొందరు సమర్థించారు. నాకు ఆ వాదన నచ్చదు. రాసిన మాట వేరు, పలికిన మాట వేరు. పలికిందంటే ఆ రోజు ఆ మనిషి ఎలా ఉన్నాడో అందులో ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్ అనే సంస్థ డాక్యుమెంటరీల్లో ఏఐ వాడకం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. దాని సారం సులువే: పాత ఫొటోలాగానో పాత ఫుటేజ్‌లాగానో కనిపించేది ఏఐతో తయారు చేస్తే ప్రేక్షకుడికి చెప్పాలి, ఏది ఎక్కడ వాడారో రాసిపెట్టుకోవాలి.

ఆ రాసిపెట్టుకునే పనే పెద్ద ఉద్యోగం కాబోతోంది. లాయర్లు అడుగుతారు, బీమా కంపెనీ అడుగుతుంది, ప్లాట్‌ఫారమ్ అడుగుతుంది. నా షోల్లో మేం ఒక షీట్ నడుపుతాం. ఎపిసోడ్‌లో ఏ బైట్ (మనిషి అన్న మాట ముక్క) ఏ రోజుది, వరుస ఎక్కడ మారింది, ఏ షాట్‌ని తర్వాత విడిగా పికప్‌గా తీశాం, ఏది బయటి నుంచి కొన్నది, ఏ బొమ్మని యంత్రం ముట్టుకుంది, ఎంతవరకు ముట్టుకుంది. మొదట్లో ఎడిటర్లు విసుక్కున్నారు. ఒక కంటెస్టెంట్ తన మాటలు మార్చేశారని నోటీసు పంపినప్పుడు ఆ షీట్ తీసి చూపించాం, వ్యవహారం అక్కడితో ఆగింది. మీకు లాగింగ్ అలవాటుంది, టైమ్‌కోడ్ క్రమశిక్షణ ఉంది. ఈ పనికి మీ అంత సిద్ధంగా ఉన్నవాళ్ళు తక్కువ. బోరు కొట్టే పనే, కాదనను.

కంటెస్టెంట్ల సంగతి కూడా ఖర్చు లెక్కల్ని మార్చేస్తోంది. రియాలిటీ చౌకగా ఉండడానికి ఒక కారణం, అందులో కనిపించే మనిషిని ఉద్యోగిగా చూడకపోవడం. 2009లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం టెంప్టేషన్ ఐలాండ్ అనే రియాలిటీ షో ఫ్రెంచ్ వెర్షన్ కేసులో, అందులో పాల్గొన్నవాళ్ళు పని చేసినట్టే, వాళ్ళది ఉద్యోగ ఒప్పందమే అని తేల్చింది. 2024 డిసెంబరులో అమెరికా కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం లవ్ ఈజ్ బ్లైండ్ అనే డేటింగ్ షో విషయంలో అలాంటి వాదనతోనే ఫిర్యాదు నమోదు చేసింది. బ్రిటన్‌లో ఒక గెస్ట్ మరణం తర్వాత 2019లో జెరెమీ కైల్ టాక్ షోని ఆపేశారు. షోలో పాల్గొనేవాళ్ళ క్షేమం చూసుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాలు పెట్టింది. సైకాలజిస్టు పరీక్ష, షో తర్వాత ఫాలో అప్, సోషల్ మీడియా తిట్లని ఎలా తట్టుకోవాలో ముందే చెప్పడం, ఇవన్నీ ఇప్పుడు బడ్జెట్‌లో ఒక వరుస. కొంతమంది ప్రొడ్యూసర్లు దీన్ని తలనొప్పిగా చూస్తారు. నేను చూసినంతలో, మనిషి భయపడకుండా ఉంటే కెమెరా ముందు ఎక్కువ తెరుచుకుంటాడు, షో బాగుపడుతుంది. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, ఉండనివ్వండి.

డాక్యుమెంటరీ వైపు ప్రమాదం వేరు. అక్కడ అనుమతి ఉన్నవాడిదే రాజ్యం. 2019లో ఫార్ములా వన్ కార్ రేసుల మీద నెట్‌ఫ్లిక్స్ సిరీస్ డ్రైవ్ టు సర్వైవ్ వచ్చాక ప్రతి ఆటకీ, ప్రతి క్లబ్‌కీ ఒక సిరీస్ వచ్చింది. కెమెరాని డ్రెస్సింగ్ రూమ్‌లోకి రానిస్తారు, దానికి బదులు ఫైనల్ కట్ (ప్రసారమయ్యే ఆఖరి ఎడిట్) తాము చూస్తామంటారు. ఇంకొన్నిటిలో కథానాయకుడి కంపెనీయే నిర్మాణంలో భాగస్వామి. అనుమతి దొరికిన చోట ప్రశ్న పోతోంది, ప్రశ్న ఉన్న చోట అనుమతి దొరకడం లేదు. డ్రైవ్ టు సర్వైవ్‌లో లేని పోటీలు సృష్టిస్తున్నారంటూ రేసు డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ కొంతకాలం ఇంటర్వ్యూలే ఇవ్వలేదు. రేసు జరిగింది, జనం చూశారు, అయినా గొడవ. ఇలాంటి చోట రెండు వైపులా మాట నిలబెట్టుకునే ప్రొడ్యూసర్‌కి విలువ పెరుగుతుంది. ఒక సంస్థ లోపలి మనుషులతో నెలల తరబడి కూర్చుని, ఏం చూపిస్తాం, ఏం చూపించం, ఎడిట్‌లో మీ మాట ఎంతవరకు చెల్లుతుంది అన్నది కాగితం మీద పెట్టించగలిగిన మనిషి పనిని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. ఆ నెలల్లో సగం రోజులు ఏమీ జరగదు. ఆఫీసు బయట కూర్చోవడమే.

మీ రెండో ప్రశ్నకి జవాబు చాలావరకు పైనే వచ్చేసింది. మిగిలింది ఇది.

ఎడిట్ రూమ్ వదిలి ఒక్క సీజన్ అయినా ఫీల్డ్‌లో చేయండి. వీలైతే కాస్టింగ్‌లో. చాలామంది కాస్టింగ్ అంటే ఆడిషన్ లైన్ చూసుకోవడం అనుకుంటారు. మంచి కాస్టింగ్ ప్రొడ్యూసర్ తన ఇల్లు, తన గొడవ పక్కనబెట్టి ఎదుటి మనిషి చెప్పేది గంటన్నర వింటాడు. ఆ వినడం వచ్చినవాళ్ళు ఇంటర్వ్యూ చేయగలరు, అనుమతి తేగలరు, కంట్రోల్ రూమ్‌లో కూర్చోగలరు.

రిలీజ్ ఫామ్‌ని (తెరమీద కనిపించేవాళ్ళు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం) మొదటి నుంచి చివరిదాకా చదవండి. సంతకాలు పెట్టించేవాళ్ళలో చాలామంది చదివుండరు. ఇప్పుడు కొన్నిటిలో కంటెస్టెంట్ గొంతునీ ముఖాన్నీ యంత్రంతో మళ్ళీ తయారు చేసుకునే హక్కు కూడా ఓ మూల ఇరికిస్తున్నారు. అది ఉందో లేదో మీకు తెలిసుండాలి, అవతలివాళ్ళు అడిగితే నిజం చెప్పాలి.

ఏఐ టూల్స్ నేర్చుకోండి, కానీ వాటి చుట్టూ కెరీర్ కట్టుకోకండి. ఆరు నెలలకోసారి మారిపోతాయి. ప్రతి వారం కొత్త టూల్ చూపించేవాడికంటే, అది ఎక్కడ తప్పు చేస్తుందో తెలిసినవాడిని నేను ముందు తీసుకుంటాను. రెండు భాషలు కలిపి మాట్లాడే చోట, ఇద్దరు ఒకేసారి మాట్లాడే చోట ట్రాన్స్‌క్రిప్ట్ బోల్తా పడుతుంది. రియాలిటీలో ముఖ్యమైనదంతా ఇద్దరు ఒకేసారి మాట్లాడేటప్పుడే జరుగుతుంది మరి.

మానేయాల్సినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోవడమే ఇష్టం, మనుషులతో మాట్లాడడం టెన్షన్ అనుకునేవాళ్ళు, నెలనెలా కచ్చితంగా జీతం రావాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్ళు వేరే దారి చూసుకోవడమే మంచిది. ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య ఖాళీలు పెరుగుతున్నాయి, తగ్గవు.

ఆఖరుగా ఫార్మాట్ ఐడియా. మీ భయం నిజమే, కానీ మీరు అనుకున్నట్టు కాదు. ఐడియాకి చట్టం దగ్గర రక్షణ చాలా తక్కువ. బ్రిటన్ యాంకర్ హ్యూగీ గ్రీన్ తన టాలెంట్ షోని న్యూజిలాండ్ బ్రాడ్‌కాస్టర్ అదే పేరుతో, అవే మాటలతో, చప్పట్లు కొలిచే అదే మీటర్‌తో తీసిందని కేసు వేశాడు. 1989లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్ కేసులకి లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు) దాకా వెళ్ళి ఓడిపోయాడు. షో షోకీ మారిపోయే దాంట్లో కాపీరైట్ ఇవ్వదగ్గ నిలకడైన రచన లేదన్నారు. సర్వైవర్ ఫార్మాట్ హక్కులున్నవాళ్ళు బిగ్ బ్రదర్ తమదే కాపీ అని నెదర్లాండ్స్‌లో కోర్టుకెళ్ళి వాళ్ళూ ఓడిపోయారు.

మరి ప్రపంచమంతా డబ్బిచ్చి ఫార్మాట్లు ఎందుకు కొంటున్నారు? ఫార్మాట్ బైబిల్ కోసం, అంటే షో ఎలా తీయాలో చెప్పే పుస్తకం కోసం. కంటెస్టెంట్లని ఏ వరుసలో పంపాలి, ఏ టాస్క్ ఎక్కడ విఫలమైంది, ఎన్ని కెమెరాలు చాలు, ఎవిక్షన్ రోజు ఎన్ని గంటలకి ఏం చేయాలి అన్న అనుభవం అందులో ఉంటుంది. దానితోపాటు తప్పులు చెప్పడానికి ఒక కన్సల్టెంట్ విమానమెక్కి వస్తాడు. కొనేవాడు కొనేది ఇంకొకడు పడ్డ పాట్లు.

కాబట్టి ఒక్క లైన్ ఐడియా పట్టుకుని వెళ్ళకండి. అది నిజంగా ఎవరైనా చెప్పొచ్చు, మీకంటే ముందే ఎవరో చెప్పి కూడా ఉంటారు. నియమాలు రాయండి. స్నేహితులతో ఒక ఖాళీ హాల్లో ఆట ఆడించి, ఫోన్లతో తీసి, ఎక్కడ చప్పబడిందో చూసి నియమం మార్చండి, మళ్ళీ ఆడించండి. రెండు మూడు పేజీలుగా రాసి, మీటింగ్ అయిన రోజే ఆ పేజీలు మెయిల్ చేయండి, తేదీతో రికార్డు ఉంటుంది. ఫార్మాట్ల రక్షణ కోసం 2000లో మొదలైన ఫ్రాపా అనే సంస్థ దగ్గర నమోదు చేసుకోవచ్చు. అది పూర్తి కవచం కాదు, కానీ ఎవరు ముందో చెప్పడానికి పనికొస్తుంది.

మీరు రాసిన రెండు లైన్లని బట్టి చూస్తే, మీ షో నడిచేది మామూలుగా కెమెరాని రానివ్వని ఒక సంస్థ లోపల. అలాంటప్పుడు ఐడియా ఎవరు కొట్టేసినా, లోపలికి వెళ్ళే దారి వాళ్ళ దగ్గర ఉండదు. ఛానెల్ దగ్గరికి వెళ్ళకముందే ఆ సంస్థవాళ్ళతో మాట్లాడి, ఫలానా వ్యవధి వరకు మీతోనే చేస్తామని ఒక లెటర్ తెచ్చుకోండి. ఫైనల్ కట్ మీద వాళ్ళకి హక్కు రాయకుండా, తప్పులుంటే సరిదిద్దడానికి ఒకసారి చూపిస్తాం అన్నంతవరకే రాయించండి. ఆ లెటర్ చేతికొచ్చాక ఇక్కడే కింద రాయండి. పిచ్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలో, బడ్జెట్ ఎలా వేయాలో అప్పుడు చెప్తాను.